సూపర్‌చార్జర్‌కు పళ్ళ బెల్టా, రిబ్బుల బెల్టా: ఒకే కారులో రెండూ వాడి చూశాక

ఒకే కారుకు, ఒకే సూపర్‌చార్జర్‌కు (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరానికి) మూడు రకాల బెల్టు అమరికలను ఒకదాని తరువాత ఒకటిగా బిగించి నడిపిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. మొదటిది సూపర్‌చార్జర్ కిట్‌తో పాటు వచ్చిన ఆరు రిబ్బుల సర్పెంటైన్ బెల్టు, రెండవది ఎనిమిది రిబ్బులది, మూడవది 8 మి.మీ. పళ్ళ దూరం గల కాగ్డ్ బెల్టు, అంటే పళ్ళ బెల్టు. ఇంజన్ ఎనిమిది సిలిండర్లది, సూపర్‌చార్జర్ సెంట్రిఫ్యూగల్ రకానిది, అంటే వేగంగా తిరిగే గాలి చక్రంతో గాలిని బయటికి విసిరి ఒత్తిడి పెంచేది. నేడు ఆ కారులో ఉన్నది రెండవ అమరిక. పళ్ళ బెల్టు చెడ్డదై దాన్ని విప్పలేదు. అది అడిగే సన్నద్ధత నా ఇంజన్‌లో లేదని తెలిసి విప్పాను. ఈ తేడా తెలియక చాలామంది బెల్టు జారగానే నేరుగా పళ్ళ బెల్టు వైపు మళ్ళుతున్నారు కనుక విషయాన్ని కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

సర్పెంటైన్ బెల్టు లోపలి వైపున నిలువునా సన్నని రిబ్బులు ఉంటాయి. ఒక రిబ్బుకూ పక్క రిబ్బుకూ మధ్య దూరం 3.56 మి.మీ.; బెల్టు మీద 6పీకే అని ఉంటే ఆరు రిబ్బులని, 8పీకే అని ఉంటే ఎనిమిదని అర్థం. అది పుల్లీ గాడుల్లో కూర్చుని కేవలం రాపిడి బలంతో పుల్లీని తిప్పుతుంది. 1979 నాటి ఫోర్డ్ మస్టాంగ్‌తో మొదలుకొని ఆల్టర్నేటరు, నీటి పంపు వంటివాటిని తిప్పే పని క్రమంగా ఈ తరహా బెల్టులకే వచ్చింది. కాగ్డ్ బెల్టుకు అడ్డంగా పళ్ళుంటాయి, పుల్లీకీ పళ్ళుంటాయి, ఒకదానిలో ఒకటి కూర్చుని తిరుగుతాయి. ఇంజన్ వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టును తిప్పే టైమింగ్ బెల్టు ఈ కుటుంబానిదే. లోపలి వైపు గాట్లు పెట్టిన వీ బెల్టును కూడా కొన్ని దుకాణాల్లో కాగ్డ్ బెల్టు అనే పేరుతోనే అమ్ముతారు. ఆ గాట్లు బెల్టు సులువుగా వంగడానికి పెట్టినవి. పుల్లీ పళ్ళతో వాటికి సంబంధం లేదు. కొనేటప్పుడు ఈ ఒక్క విషయంలో పొరబడితే మొత్తం ఖర్చు వృథా అవుతుంది.

ఎంపికకు ముందు బెల్టు మీద పడే భారం ఎంతో లెక్క వేసుకోవాలి. నా ఇంజన్ గరిష్ఠ వేగంలో సెకనుకు దాదాపు 0.45 కిలోల గాలిని మింగుతుంది, సూపర్‌చార్జర్ ఆ గాలిని దాదాపు 70 డిగ్రీలు వేడెక్కిస్తుంది. గాలి ద్రవ్యరాశిని దాని ఉష్ణధారణతోనూ, పెరిగిన ఉష్ణోగ్రతతోనూ గుణిస్తే 32 కిలోవాట్లు వస్తాయి. లోపలి గేర్ల రాపిడి కలుపుకుంటే 35 అనుకోవచ్చు. బెల్టును తిప్పే క్రాంక్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) పుల్లీ వ్యాసం 190 మి.మీ. కాబట్టి 6500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వద్ద బెల్టు సెకనుకు దాదాపు 65 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. శక్తిని వేగంతో భాగిస్తే బెల్టు లాగవలసిన బలం 540 న్యూటన్లని తేలుతుంది. ఆరు రిబ్బులైతే ఒక్కొక్కదాని వాటా 90 న్యూటన్లు, ఎనిమిదైతే 68 కన్నా తక్కువ. ఈ 540 న్యూటన్లు నిజానికి పెద్ద సంఖ్య కాదు. ఎనిమిది రిబ్బుల బెల్టు తెగిపోవడానికి ఇది చాలా దూరం. కష్టమంతా జారకుండా పట్టి ఉంచడంలోనే ఉంది, అది బెల్టు కన్నా దాని చుట్టూ ఉన్న పుల్లీల అమరిక మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

ఆరు రిబ్బుల బెల్టుతో నా కారు ఎక్కడ విఫలమైందో చెబుతాను. ఇన్‌టేక్ మ్యానిఫోల్డు పీడనాన్నీ, ఇంజన్ వేగాన్నీ కలిపి రికార్డు చేసి చూస్తే 5700 ఆర్‌పీఎం వరకు బూస్టు (సూపర్‌చార్జర్ అదనంగా ఇచ్చే గాలి పీడనం) చక్కగా ఎదిగి 0.55 బార్‌కు చేరింది, అక్కడి నుంచి 6500 వరకు అదే గీత మీద నిలిచిపోయింది. సెంట్రిఫ్యూగల్ సూపర్‌చార్జర్‌లో బూస్టు దాదాపు వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి 6500 వద్ద 0.7 బార్‌కు కాస్త పైన ఉండవలసింది. గీత ఇలా చదునుగా మారితే బెల్టు జారుతోందని అనుమానించడం సహజమే. అయితే గాలి వడపోత మూసుకుపోయినా, మిగులు గాలిని మళ్ళించే బైపాస్ వాల్వు సరిగా మూసుకోకపోయినా, గొట్టం బిగింపు వదులైనా గీత ఇలాగే కనిపిస్తుంది. అందుకని వీటిని ముందు పరీక్షించాను. తరువాత పుల్లీ చుట్టూ నల్లని పొడి, రిబ్బుల పక్కలకు అద్దంలాంటి మెరుపు, ఇంజన్ ఆపిన వెంటనే చేయి పెట్టలేనంత వేడెక్కిన చిన్న పుల్లీ, అంటే సూపర్‌చార్జర్ పుల్లీ, కనిపించాయి. క్రాంక్ పుల్లీ చల్లగానే ఉంది. జారుడు ఎప్పుడూ చిన్న పుల్లీ దగ్గరే మొదలవుతుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం అక్కరలేదు. జారిన కొద్దీ పుల్లీ వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ రబ్బరు మెరుపెక్కి మరింత జారుతుంది. ఒకసారి మెరుపెక్కిన బెల్టు మళ్ళీ మొదటి పట్టును ఇవ్వదు. పట్టు పెంచుతామంటూ డబ్బాల్లో అమ్మే స్ప్రేలు జిగురుగా మారి దుమ్మును పట్టి ఉంచుతాయి తప్ప ఈ జబ్బుకు మందు కావు.

ఎనిమిది రిబ్బుల అమరికకు మారినప్పుడు నేను బెల్టు వెడల్పు ఒక్కదానితో ఆగలేదు, నిజమైన లాభం వెడల్పు వల్ల కాక చుట్టు కోణం వల్ల వచ్చింది. బెల్టు చిన్న పుల్లీని ఎంత మేర చుట్టుకుందన్నదే చుట్టు కోణం. కిట్‌లో అది దాదాపు 120 డిగ్రీలే ఉండేది. సూపర్‌చార్జర్ పుల్లీకి దగ్గరగా, బెల్టు వీపును నొక్కేలా ఒక ఐడ్లర్ పుల్లీని (దేన్నీ తిప్పకుండా బెల్టును మళ్ళించడానికే ఉన్నదాన్ని) చేర్చి దాన్ని 160 డిగ్రీలకు తెచ్చాను. రాపిడి మీద నడిచే బెల్టులో బిగువు వైపు బలానికీ, వదులు వైపు బలానికీ ఉండగల నిష్పత్తి చుట్టు కోణంతో ఘాతాంక రీతిలో పెరుగుతుంది. వేడెక్కి కాస్త దుమ్ము పట్టిన బెల్టుకు రాపిడి గుణకాన్ని 0.5గా తీసుకుంటే 120 డిగ్రీల వద్ద ఆ నిష్పత్తి 2.85, 160 డిగ్రీల వద్ద 4 దాటుతుంది. నా 540 న్యూటన్లను లాగడానికి మొదటి అమరికలో వదులు వైపు కనీసం 290 న్యూటన్ల బిగువు నిలవాలి, రెండవదానిలో 180 న్యూటన్లు చాలు. అంటే 40 డిగ్రీల చుట్టు వల్ల దాదాపు 40 శాతం తక్కువ బిగువుతో అదే పని జరుగుతుంది, ఆ మేరకు సూపర్‌చార్జర్ ముందు బేరింగు మీదా, నీటి పంపు బేరింగు మీదా భారం తగ్గుతుంది. బెల్టు జారుతోందని బిగువును మాత్రమే పెంచుకుంటూ పోయేవారు ఈ బేరింగులనే బలి ఇస్తున్నారు.

బెల్టు బిగువును నిలిపే టెన్షనర్ విషయంలో కూడా ఒక సూక్ష్మం ఉంది. సెకనుకు 65 మీటర్ల వేగంతో వంపు తిరిగే బెల్టు తన బరువు వల్లనే పుల్లీ నుంచి బయటికి లేవాలని చూస్తుంది. మీటరు బెల్టు 100 గ్రాములు తూగుతుందనుకుంటే ఆ లేచే బలం 420 న్యూటన్లకు సమానం. బోల్టుతో బిగించి కదలకుండా నిలిపిన టెన్షనర్ ఉంటే, ఇంజన్ ఆగి ఉండగా మనం పెట్టిన బిగువులో నుంచి ఈ 420 న్యూటన్లు పై వేగంలో హరించుకుపోతాయి. స్ప్రింగ్ టెన్షనర్ దాని వెంటే కదిలి ఈ లోటును పూడుస్తుంది. కానీ స్ప్రింగ్ టెన్షనర్‌కు మరో బలహీనత ఉంది: థ్రాటిల్ ఒక్కసారిగా వదిలినప్పుడు సూపర్‌చార్జర్ తన ఊపుతో ఇంజన్‌ను నెడుతుంది, అంతవరకు వదులుగా ఉన్న వైపు బిగుసుకుంటుంది, టెన్షనర్ చేయి వెనక్కి పడిపోతుంది, బెల్టు ఒక గాడి తప్పుతుంది లేదా పూర్తిగా ఊడిపోతుంది. నాకు ఒకసారి అలాగే ఊడింది. స్ప్రింగ్ బలం పెంచి, చేయి మరీ వెనక్కి పోకుండా ఒక అడ్డు బిగించిన తరువాత మళ్ళీ ఊడలేదు. ఈ మార్పులన్నీ అయ్యాక బూస్టు గీత 6500 వరకు నిలకడగా ఎదిగి 0.68 బార్‌ను అందుకుంది. లెక్క ప్రకారం రావలసినదానికి అది కొద్దిగా తక్కువ. ఆ కొద్దిపాటి లోటే నన్ను పళ్ళ బెల్టు వైపు లాగింది.

పళ్ళ బెల్టు మొదటి పరుగులోనే మనసు దోచుకుంది. 70 పళ్ళ క్రాంక్ పుల్లీ, 32 పళ్ళ సూపర్‌చార్జర్ పుల్లీ, 50 మి.మీ. వెడల్పు బెల్టుతో బూస్టు గీత అడుగు నుంచి చివరి వరకు పుస్తకంలో గీసినట్లు వచ్చింది. వేసవి మధ్యాహ్నం అయినా, వరుసగా ఐదవ పరుగు అయినా, వానలో తడిసినా అదే గీత. కారును ట్యూన్ చేసేవారికి ఇదెంత విలువైనదో ప్రత్యేకంగా చెప్పాలి: జారే బెల్టుతో ఇంజన్ కంప్యూటర్‌లోని ఇంధనపు పట్టికను సరిచేస్తే, మరునాడు కొత్త బెల్టు వేసి బూస్టు పెరిగినప్పుడు ఆ పట్టిక తప్పుతుంది, మిశ్రమం పలచబడే ప్రమాదం ఉంటుంది. పళ్ళ బెల్టుకు ఈ బెడద లేదు. దానికి పెద్ద బిగువు కూడా అక్కరలేదు, ఎందుకంటే పన్ను పుల్లీ పన్నును నెడుతుంది, రాపిడితో పని లేదు. మరీ వదిలేస్తే మాత్రం భారం పెరిగినప్పుడు బెల్టు పన్ను మీదికెక్కి ఒక పన్ను దాటి దూకుతుంది. చుట్టు కోణాన్ని కూడా ఇక్కడ పళ్ళతో కొలుస్తారు. చిన్న పుల్లీ మీద ఆరు పళ్ళకు తగ్గకుండా ఎప్పుడూ కూర్చుని ఉండాలన్నది ఈ బెల్టుల లెక్కల్లో పాటించే నియమం.

పుల్లీ మార్చి బూస్టు పెంచుకునే విధానం కూడా ఇక్కడ మారిపోతుంది. రిబ్బుల పుల్లీని ఏ వ్యాసంలోనైనా తరిగించుకోవచ్చు. పళ్ళ పుల్లీ ఒక పన్ను చొప్పున మాత్రమే మారుతుంది, 8 మి.మీ. పళ్ళ దూరంలో ఒక పన్ను అంటే వ్యాసంలో రెండున్నర మి.మీ. 32 పళ్ళ నుంచి 31కి దిగితే సూపర్‌చార్జర్ వేగం 3 శాతం పైగా పెరుగుతుంది, సెంట్రిఫ్యూగల్ రకంలో శక్తి అవసరం వేగం ఘనాన్ని అనుసరిస్తుంది కాబట్టి బెల్టు మీద భారం దాదాపు 10 శాతం పెరుగుతుంది. ఒక్క పన్నుకు పది శాతం భారం అనే ఈ లెక్కను పుల్లీ కొనే ప్రతివారూ గుర్తుపెట్టుకోవాలి.

ఇక చప్పుడు. 70 పళ్ళ పుల్లీ 900 ఆర్‌పీఎం వద్ద సెకనుకు 1050 సార్లు పన్నును పన్నుతో కలుపుతుంది, 6000 వద్ద 7000 సార్లు. ప్రతి కలయికలోనూ పళ్ళ సందుల్లోని గాలి పక్కలకు చిమ్ముతుంది. ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు కూడా ఈల లాంటి శబ్దం కారు లోపలికి స్పష్టంగా వినిపిస్తుంది. పోటీ మైదానంలో దీన్ని ఇష్టపడేవారున్నారు, నాకూ కొన్నాళ్ళు నచ్చింది. రెండు గంటల ప్రయాణంలో మాత్రం అది అలసట కలిగిస్తుంది. ఈ విషయంలో రిబ్బుల బెల్టుకు తిరుగులేదు.

అసలు సమస్య చప్పుడు కాదు, దెబ్బ. నా సూపర్‌చార్జర్‌లో బెల్టు నిష్పత్తి దాదాపు 2.2, లోపలి గేర్ల నిష్పత్తి 3.6. రెండూ కలిసి గాలి చక్రం క్రాంక్ కన్నా దాదాపు ఎనిమిది రెట్ల వేగంతో, అంటే 6500 వద్ద 50,000 ఆర్‌పీఎం దాటి తిరుగుతుంది. క్రాంక్ వైపు నుంచి చూస్తే ఆ చక్రం జడత్వం నిష్పత్తి వర్గం మేరకు, అంటే 60 రెట్లకు పైగా పెరిగి అనుభవానికి వస్తుంది. చేతిలో తేలికగా అనిపించే చక్రం ఇంజన్‌కు బరువైన ఫ్లైవీల్ అవుతుందన్నమాట. గేరు మార్చినప్పుడు ఇంజన్ వేగం క్షణంలో 6500 నుంచి 4700కు పడిపోతే ఆ చక్రం కూడా అదే క్షణంలో నెమ్మదించాలి. రిబ్బుల బెల్టు ఆ క్షణంలో కొద్దిగా జారి, దెబ్బను వేడిగా మార్చి మింగేస్తుంది. పళ్ళ బెల్టుకు జారే వీలు లేదు. పళ్ళు ఒక పక్క నుంచి మరో పక్కకు కొట్టుకుని ఆ దెబ్బ యథాతథంగా గేర్లకూ, క్రాంక్ ముందు భాగంలోని ‘కీ’కి (పుల్లీని క్రాంక్‌తో కలిపి పట్టి ఉంచే చిన్న లోహపు ముక్కకు) కూడా చేరుతుంది. ఇగ్నిషన్‌ను ఆపి ఆపి వేగాన్ని నియంత్రించే రెవ్ లిమిటర్ ఇంకా కఠినమైనది, ఎందుకంటే అది ఇటువంటి దెబ్బలను సుత్తితో కొట్టినట్లు వరుసగా కొడుతుంది. నా బెల్టుకు మూడు పళ్ళు మొదలంటా ఊడిపోయింది లిమిటర్ తగిలిన రోజునే. విప్పి చూస్తే క్రాంక్ మీది కీ గాడి అంచు కూడా కొద్దిగా నలిగి కనిపించింది. బెల్టు కొత్తది కొనుక్కోవచ్చు, క్రాంక్ అలా కాదు. ఆ రోజు నుంచి జారుడును లోపంగా మాత్రమే చూడడం మానేశాను.

పళ్ళ బెల్టు వాడదలచినవారు అందుకే ముందు క్రాంక్‌కు రెండవ కీ గాడి కోయించుకోవాలి, పుల్లీ రబ్బరు ఉంగరం మీద ఆధారపడకుండా బోల్టులతో నేరుగా క్రాంక్ హబ్‌కు బిగిసేలా చూసుకోవాలి, రెవ్ లిమిటర్‌ను మెత్తగా పనిచేసేలా ట్యూన్ చేయించుకోవాలి. థ్రాటిల్ మూసినప్పుడు గాలి వెనక్కి తన్ని గాలి చక్రాన్ని కుదిపితే ఆ కుదుపు కూడా పళ్ళకే తగులుతుంది కాబట్టి పెద్ద బైపాస్ వాల్వు తప్పనిసరి. ఈ పనులన్నీ చేయించుకున్న ఇంజన్‌లో పళ్ళ బెల్టు నిశ్చింతగా పనిచేస్తుంది.

బిగింపులోనూ అది మరింత శ్రద్ధ కోరుతుంది. రెండు పుల్లీల ముఖాలు పావు డిగ్రీ మించి వంకర ఉంటే బెల్టు ఒక పక్కకు జరిగి అంచును ఒరుసుకుంటుంది. అల్యూమినియం ఇంజన్ 70 డిగ్రీలు వేడెక్కితే 300 మి.మీ. దూరంలో ఉన్న పుల్లీలు దాదాపు అర మి.మీ. ఎడమవుతాయి, కాబట్టి చల్లగా ఉన్నప్పుడు వీణ తీగలా బిగిస్తే వేడెక్కాక బేరింగులు మూలుగుతాయి. బెల్టు లోపలి గ్లాస్ ఫైబర్ దారాలు మడత సహించవు. దుకాణం నుంచి తెచ్చేటప్పుడు చిన్న చుట్టగా మడిచి సంచిలో కుక్కితే, పైకి ఏమీ కనిపించకపోయినా లోపల దారాలు విరిగి ఉంటాయి. చిన్న రాయి పళ్ళ సందులో పడినా అంతే. మాకు అమ్మిన దుకాణంవారు బెల్టును రబ్బరు బ్యాండుతో నలిపి కట్టి ఇచ్చారు, అప్పుడు నాకు తెలియక తీసుకున్నాను. నేడు అలా ఇస్తే వెనక్కి ఇచ్చేస్తాను.

ఒక లాభం మాత్రం పళ్ళ బెల్టు ఖాతాలో వేయాలి. అది తప్పనిసరిగా వేరే బెల్టు కాబట్టి తెగినా నీటి పంపు, ఆల్టర్నేటరు తిరుగుతూనే ఉంటాయి, బూస్టు లేకుండా ఇంటికి చేరుకోవచ్చు. ఒకే సర్పెంటైన్ బెల్టు అన్నింటినీ తిప్పే కారులో అది ఊడితే ఇంజన్ వేడెక్కేలోగా ఆపక తప్పదు. సూపర్‌చార్జర్‌కు విడిగా రిబ్బుల బెల్టు అమర్చుకునే చోటు ఉంటే ఈ తేడా కూడా ఉండదు, నా రెండవ అమరికలో అదే చేశాను.

కార్ల తయారీదారులు ఎటు మొగ్గారో చూడడం కూడా ఉపయోగకరం. 2015 నాటి డాడ్జ్ హెల్‌క్యాట్‌లో సూపర్‌చార్జర్‌ను తిప్పడానికే 80 హార్స్‌పవర్, అంటే దాదాపు 60 కిలోవాట్లు కావాలని ఆ సంస్థే చెప్పింది. నిష్పత్తి 2.36, సూపర్‌చార్జర్ గరిష్ఠ వేగం 14,600 ఆర్‌పీఎం. ఇంత భారానికి కూడా వారు రిబ్బుల బెల్టునే వాడారు, దానితో పాటు దెబ్బలు తగ్గించే ఒకవైపు క్లచ్‌ను (ఒక దిశలోనే బలాన్ని పంపేదాన్ని) చేర్చారు. 2009 కార్వెట్ జెడ్‌ఆర్1 ఇంజన్‌కు 11 రిబ్బుల బెల్టు అమర్చారు. మరోవైపు డ్రాగ్ పందేల్లోని టాప్ ఫ్యూయల్ కార్లు సూపర్‌చార్జర్‌ను వెడల్పాటి పళ్ళ బెల్టుతో తిప్పుతాయి, కానీ అక్కడ ఇంజన్‌ను పరుగు పరుగుకీ విప్పి చూస్తారు.

జత రోటర్లతో గాలిని నెట్టే రూట్స్, ట్విన్ స్క్రూ రకాల సూపర్‌చార్జర్లలో లెక్క కొంత మారుతుంది. వాటి బూస్టు తక్కువ వేగంలోనే వచ్చేస్తుంది కాబట్టి బెల్టు మీది బలం మొదటి నుంచీ ఎక్కువగా ఉంటుంది. జారుడు నష్టం మాత్రం వేగానికి తగినంతే ఉంటుంది, సెంట్రిఫ్యూగల్‌లోలా వర్గం మేరకు పెరగదు. పది శాతం జారితే సెంట్రిఫ్యూగల్ సూపర్‌చార్జర్ దాదాపు 19 శాతం బూస్టు కోల్పోతుంది. పళ్ళ బెల్టు వాదన సెంట్రిఫ్యూగల్ వాడేవారిలోనే బలంగా వినిపించడానికి కారణం ఇదే.

రోజూ రోడ్డు మీద తిరిగే కారుకు ఎనిమిది లేదా పది రిబ్బుల బెల్టు, చిన్న పుల్లీ మీద 150 డిగ్రీలకు తగ్గని చుట్టు కోణం, బలమైన స్ప్రింగ్ టెన్షనర్ ఉండాలన్నది నా నిశ్చితాభిప్రాయం. ఈ మూడూ సరిగా కుదిరిన తరువాత కూడా రికార్డులో బూస్టు గీత చదునుగా మారితే, అప్పుడు పళ్ళ బెల్టు గురించి ఆలోచించాలి. అది కూడా క్రాంక్ పని ముందు, బెల్టు తరువాత అన్న వరుసలో. నా పళ్ళ పుల్లీలు రెండూ నూనె పూసిన గుడ్డలో, కొత్త బెల్టు ఎక్కడా మడత పడకుండా గుండ్రంగా, అరలో పడుకుని ఉన్నాయి. ఇంజన్‌ను తదుపరి విప్పినప్పుడు క్రాంక్‌కు రెండవ కీ గాడి కోయిస్తాను, ఆ తరువాతే వాటిని మళ్ళీ బయటికి తీస్తాను.